గది-రాత్రులు

మా ఆఫీసులో నిద్రని లెక్కపెడతారు.
ఒక మనిషి, ఒక గది, ఒక రాత్రి
అంటే మాకు ఒకటి.
ఎనిమిది వందల మంది పళ్ల డాక్టర్లు
మూడేసి రాత్రులు పడుకుంటే రెండు వేల నాలుగు వందలు.
నిద్ర పట్టిందా లేదా అన్న గడి
ఫారంలో లేదు.

నా పని మాటలు రాయడం. కాంట్రాక్టు మీద.
ఇసక బంగారం, కెరటం వెండి, కొండ పచ్చ.
తాకట్టు కొట్టులా ఉందయ్యా అన్నారు సారు,
అయినా అచ్చుకి పంపారు.
సముద్రం ఫోటోలు పదకొండు వందలున్నాయి నా దగ్గర,
పనికొచ్చేవి నాలుగు.
మిగిలిన అన్నింట్లో ఎవరో ఒకరు అడ్డం:
వల దులుపుతూ, చంటిదాని ముక్కు తుడుస్తూ,
ఊరికే నీళ్లవైపు చూస్తూ.

ఊరు పనికొస్తుందో లేదో చూసిపోడానికి ముగ్గురొచ్చారు.
ఎయిర్‌పోర్టులో సింహాచలం సంపెంగలు,
సంచీలో అరకు కాఫీ, ఏటికొప్పాక లక్క ఎద్దుబండి.
కాన్వెంట్ జంక్షన్ బొగ్గు దుమ్ముకి
సన్యాసిరావు అడక్కుండానే అద్దాలెత్తేశాడు.
చేపల రేవు మలుపులో నేను హాలు గురించి మొదలెట్టాను,
ఎన్ని కుర్చీలు, ఎన్ని తెరలు, ఎన్ని ప్లగ్గులు,
వాసన వెనకపడేదాకా.

అక్టోబరులో పెడితే తుఫాను మాటేమిటన్నాడు
ఢిల్లీ ఆయన, పెన్ను తీసి.
మా ఊరు తొందరగా లేచి నిలబడుతుందండీ అన్నాను.
అది మాకు నేర్పిన జవాబు.
హుద్‌హుద్‌కి మా వంటింటి రేకు
మూడో వీధిలో దొరికింది, అప్పడంలా చుట్టుకుపోయి.
కరెంటు లేని ఆరు రాత్రులు
అమ్మ విసనకర్ర ఊపుతూనే ఉంది,
తను నిద్రపోయాక కూడా.

ముందురోజు బీచి రోడ్డు సర్దింది నేనే.
సబ్‌మెరైన్‌కి ఎదురుగా పిడత కింద పప్పు అమ్మే
పరదేశమ్మని రెండ్రోజులు అవతలికి జరగమన్నాను.
"ఎవులొత్తన్నారేటి బాబూ?"
డాక్టర్లమ్మా. పళ్ల డాక్టర్లు.
నోటికి కొంగు అడ్డం పెట్టుకుని నవ్వింది.
ముందు పళ్లు రెండు లేవు.
"మరైతే నానీడే ఉండాల గదేటి!"

ఆమెకి ముందు పుట్టిన ఇద్దరూ దక్కలేదట.
ఇది మా పిల్ల కాదు, ఎవరో పరాయిది అని
చావుకి అబద్ధం చెప్పడానికి ఆ పేరు పెట్టారట.
చావు నమ్మింది.
అరవై ఏళ్లుగా ఇదే ఇసకలో ఉన్న మనిషిని
పరదేశులొస్తున్నారని నేను జరిపాను.
బుట్టా, వెదురు స్టాండూ తనే మోసుకుంది.
నిప్పుల పిడత మాత్రం నా చేతికిచ్చింది.
కాలింది.

ఆఖరి సాయంత్రం కైలాసగిరి మీద
పూణే ఆవిడ ఒక్కతే ఫోటో దిగలేదు.
"రోజూ ఈ హోరు వింటూ నిద్రపోతారన్నమాట మీరు" అంది.
లేదు మేడమ్, మాది గోపాలపట్నం.
రైళ్లు వినపడతాయి.
నా ఉద్యోగం మొత్తంలో
నిద్ర గురించి అడిగింది ఆవిడే.

నెల తర్వాత ఉత్తరం వచ్చింది.
ఆతిథ్యం మరువలేనిదట. విమానాలు చాలవట.
సభలు ఇంకో ఊళ్లో.
సారు రెండు వేల నాలుగు వందల్ని ఎర్రసిరాతో కొట్టేసి
ఫ్యాను కట్టకుండా వెళ్లిపోయారు.
మర్నాటికి బల్లమీద సిమెంటు డీలర్ల ఫైలు.

ఆ రాత్రి బస్సెక్కకుండా బీచికి నడిచాను.
పరదేశమ్మ పాత చోటే.
"రానేదేటి నీ డాకటర్లు?"
రాలేదు.
"పోన్లే. తిను."
వెచ్చటి పప్పు, పచ్చిమామిడి, ఉల్లిపాయ.
పొట్లం మా కరపత్రానిదే,
కెరటం వెండి అన్నచోట కారం మరక.
డబ్బు తీసుకోలేదు. బుట్ట నెత్తినెత్తుకుని
జాలరిపేట వైపు వెళ్లిపోయింది.
డాల్ఫిన్స్ నోస్ మీంచి వెలుతురు తిరుగుతూనే ఉంది,
ఎవరిమీదా ఆగకుండా.
గోడకి ఆనుకుని హోరు వింటున్నాను,
ఎప్పుడు కన్నంటుకుందో.

ఎవరో భుజం తట్టారు.
తెల్లారింది. చొక్కా అంతా ఉప్పు తేమ.
ఆకుపచ్చ కోటు తొడుక్కున్న ఒకావిడ
చీపురు నేలకి ఆనించి నిలబడి ఉంది.
"నెగు బాబూ, జరుగు.
ఈడ ఊడవాల."