గాలిలో ఓనమాలు

రామ్‌నగర్ చేపల మార్కెట్‌లో
తెల్లవారుజాము నాలుగున్నరకే ఐసు దొరుకుతుంది.
పది రూపాయలిస్తే నా డబ్బా నిండుతుంది.
నీచు వాసనని పిల్లలు ముక్కు మూసుకుంటారు.
వాచిన కాలికి వాసన తెలవదు బిడ్డా, అంటాను.

కానిస్టేబుల్ నోటిఫికేషన్ పడిన ఏడాది
యూనివర్సిటీ గ్రౌండ్ ఎర్రమట్టికి నిద్ర ఉండదు.
అడిక్‌మెట్ నుంచి, మాణికేశ్వరినగర్ నుంచి
చీకట్లోనే వచ్చేస్తారు.
గదికి ఆరుగురు,
ఆరుగురికీ కలిపి రెండు జతల మంచి బూట్లు.

నాకు డిగ్రీ లేదు. ఒక మోకాలుంది.
చదివిందంతా అందులోనే ఉంది.
హర్డిల్స్ పోటీకి మూడు రోజుల ముందు
నొప్పి లేదని కోచ్‌కి అబద్ధం చెప్పాను.
ఇరవై రెండేళ్లు.
మెట్లెక్కిన ప్రతిసారీ అది నిజం చెబుతుంది.

ధరావత్ సునంద, ఎనిమిది వందల మీటర్లు.
ఈవెంట్స్‌కి ఇంకా పదకొండు రోజులు.
నిన్నటి వాన తవ్విన గుంతలో అడుగు పడి
కుడి చీలమండ మడతపడింది.
జండూబామ్ రుద్దుండ్రి, అందొకామె.
నల్లకుంటలో పుత్తూరు కట్టు కట్టేటాయన ఉన్నడు, ఇంకొకామె.
లేచి ఉరికితే అదే సర్దుకుంటది, అన్నాడు
ఎన్నడూ పడనివాడు.

రుద్దకండి.
లోపల చిట్లిన నెత్తురును ఇంకా ఉసిగొల్పకండి.
ఎముక మీద వేలితో నొక్కి చూశాను.
నాలుగు అడుగులు వెయ్యి, అన్నాను.
ఏడుస్తూనే వేసింది, నాలుగూ.
వెయ్యలేకపోతే ఆటోలో ఉస్మానియాకి, ఎక్స్‌రేకి.

ఐసు నేరుగా పెట్టొద్దు, చున్నీలో చుట్టు.
ఇరవై నిమిషాలు, అంతే. చర్మం కూడా మనిషే.
పట్టీ వేళ్ల దగ్గర మొదలుపెట్టి పైకి.
వేళ్లు నీలమైతే విప్పెయ్, మళ్లీ వదులుగా కట్టు.
ప్రేమైనా అంతే, అనబోయి ఊరుకున్నాను.

కాలు గుండెకన్నా ఎత్తున పెట్టమంటే
ముడుచుకుపోయింది.
పెద్దల ముందు కాళ్లు చాపొద్దని పెంచారట.
"మీ ముందరనా మేడమ్?"
నా ముందరే.

నాలుగో రోజు
బొటనవేలితో గాలిలో అ రాయమన్నాను.
పాదం కదలాలి, మోకాలు కదలొద్దు.
అ వంకరపోయింది. ఆ దగ్గర పెదవి కొరుక్కుంది.
ఋ దగ్గర తిట్టింది, నన్నో అక్షరాన్నో తెలీదు.
తాండా బడిలో పలక మీద దిద్దిన ఓనమాలు
మళ్లీ మొదటి నుంచి, బలపం బదులు కాలితో.
ఎనిమిదో రోజుకి ఝ వచ్చింది.
ఏదో పేరు రాసింది గబగబా,
చదవబోయేలోగా చెరిపేసింది
గాలిని, పాదంతో.

పదో రోజు అడగనే అడిగింది.
ఉరకొచ్చా?
ఒంటికాలిపై గెంతమన్నాను. మూడోసారి ముఖం మారింది.
నేనేమీ అనలేదు. సల్వారు పైకి లాగి
నా మోకాలు చూపించాను.
చాలాసేపు చూసింది.

ఆ పొద్దున అంబర్‌పేటలో ఆమె నంబరు పిలిచినప్పుడు
సునంద హాస్టల్ వరండాలో
కుడికాలి మీద ఒక్కదాని మీదే నిలబడి
పళ్లు తోముకుంటోంది.
తూలితే గోడ. తూలకపోతే ఎదురుగా మెట్రో పిల్లర్లు.
మళ్లీ నోటిఫికేషన్ ఎప్పుడో
ఎవరికీ తెలీదు.

మొన్న నేను వెళ్లేసరికి
ట్రాక్ పక్కన ఎల్లేశం కూలబడి ఉన్నాడు.
పక్కన నాది కాని ఐసు డబ్బా.
అదే నీచు వాసన.
"రుద్దకు," అంటోంది సునంద, అచ్చం నా గొంతుతో.
"నాలుగు దినాలు పోయినంక అక్షరాలు రాయాలె."

"ఏబీసీడీ రాయొచ్చా అక్కా? జల్ది అయితది."

"అవన్నీ గీతలు రా.
చీలమండకు గుండ్రం కావాలె.
మనవే రాయి."