పద్దెనిమిదో ఎత్తు

మిర్యాలగూడ బైపాసు మీద మిల్లు కాంటా గది.
రాత్రి పదకొండు. వడ్ల లారీలు ఇంకా లైన్లనే.
రశీదు బుక్కుల నడుమ బోర్డు పరిచిన.
తెల్ల బంటు ఒకటి పోయింది, దాని జాగల నట్టు.
నల్ల గుర్రానికి చెవి లేదు.

మట్టయ్య సారు నోటుబుక్కు
మొన్న పెద్దకర్మ నాడు ఆయన తమ్ముడు నా చేతిల పెట్టిండు.
డ్రాయింగు మాస్టరు చేతిరాత,
అంకెలకు గూడ నీడలేసేటోడు.
హాలియా, జిల్లా ఓపెన్, మూడో రౌండు.
తెల్లవి ఆయన, నల్లవి నేను.
నాకు పదిహేనేండ్లు.

సి బంటు రెండడుగులు.
నేను రాజు ముందటి బంటును నడిమికి తోసిన.
ఆయన జి బంటు ఒక్కడుగు, దాని వెనక సందుల ఒంటె.
నేను ఇంకో బంటు, అదీ నడిమికే.
సి బంటు పక్కనుంచి వచ్చి దాన్ని తిన్నది,
నా గుర్రం దాన్ని తిన్నది.
నవ్వొచ్చింది నాకు, యాదికుంది:
బొమ్మ వేయమంటే
కాయితం చుట్టూ అంచులు గీసుకుంట కూసున్నడేంది ఈ సారు?

లారీ కాంటా ఎక్కింది. బల్ల వణికి
ముక్కలన్నీ గడుల అంచులకు జరిగినయి.
ముప్పై టన్నుల ఆరువందల నలభై.
రాసిచ్చి, మళ్లా ఒక్కొక్కటి సర్దిన.

ఏ బంటు, బి బంటు ఎడమ గట్టు వెంబడి నడిచొచ్చినయి.
పదిహేడు: ఆయన గుర్రం పక్కకు తప్పుకున్నది, అంతే.
మూలనున్న ఒంటె చూపు
బోర్డు ఈ కొసనుంచి ఆ కొసకు,
తూము ఎత్తినట్టు.

ఆట అయినంక అన్నడు:
"నడుమ మడంతా నీదే బిడ్డా,
నీళ్లు ఏడికెల్లి వస్తయో చూసుకోలె."
ఇరవై రెండేండ్లు నేనూ అదే చెప్పుకుంట తిరిగిన.

కని ప్రతి ఎత్తు పక్కన సన్నగ టైము రాసిండు.
ఒక నిమిషం. రెండు. ఒకటి.
పద్దెనిమిదోది, ఒంటె బంటును తిని
మూల ఏనుగు మీదికి పోవుడు,
నిన్న నేర్చుకున్నోడు గూడ ఆడేది.
దానికి తొమ్మిది నిమిషాలు.

ఎందుకు సార్?

చాయ్ మీద మీగడ కట్టింది.
ఏనుగును చావనిచ్చిన.
ఎఫ్ బంటును నడిపిన. మళ్లా నడిపిన.
ఆయన రాజు దగ్గర ఎవ్వరూ లేరు,
అందరూ ఎడమ గట్టు మీదనే,
ఆ ఒంటె గూడ.

అంటే ఆయనకు కనబడ్డది.
తొమ్మిది నిమిషాలు
నాకు కనబడొద్దని కూసున్నడా,
కనబడాలనా?
ఆ దినం నేను తలెత్తలే.
ఏనుగునే చూస్తున్న.

బయట హారన్.
నట్టును దాని గడిలనే ఉంచి
లేచిన.