చేబదులు

పత్తాదలో కత్తి ఊరికే చేతులు మారదు.
మారితే స్నేహం తెగుతుందంటారు.
ఒక్క పూటకే, ఫొటో తీసి ఇచ్చేస్తానన్నా
బకీజియో వినలేదు, అరచెయ్యి చాపాడు.
జేబులన్నీ తడుముకున్నాను.
కాఫీకి కూడా ఫోనే చూపించే రోజులాయె.
చివరికి కారు సీటు సందున దొరికింది
ఇరవై సెంట్ల బిళ్ల,
చూయింగ్ గమ్ కాగితం అంటుకుని.
గోటితో గీకి, ఊది, అప్పుడిచ్చాడు కత్తిని.
ఇచ్చి, దాని వెనకే తనూ వచ్చాడు.

పదిహేడేళ్లుగా ఓజియేరిలో పెళ్లిళ్లకు ఫొటోలు తీస్తున్నాను.
పెళ్లికూతురినైతే గడ్డం దించమంటాను,
మరిదిని కాస్త పక్కకి జరగమంటాను.
ఉక్కుతో ఏం మాట్లాడాలి?
మిర్తో ఆకులా కోలగా, మొన తేలి,
పడుకోబెట్టిన చోటల్లా
నా గదిని నాకే అప్పజెప్తోంది:
కిటికీ, ట్యూబ్‌లైటు, ఉతకని తెర,
మూడు కాళ్ల స్టాండు, దాని వెనక వంగిన నేను.
అన్నీ ఉన్నాయి, కత్తి తప్ప.

కిటికీకి తెల్ల దుప్పటి కట్టాను.
ఉత్తరపు వెలుతురు మీగడలా అలుగంతా పరుచుకుంది.
మరీ పరుచుకుంది,
ఏది అంచో ఏది బల్లో తెలియనంత.
నల్ల అట్టని సన్నగా చీల్చి ఎదురుగా నిలబెడితే
వెన్ను పొడుగునా
కాటుక దిద్దినట్టు ఒక్క గీత.
అప్పటికి కత్తి అయింది.

నిమ్మకాయలు, దానిమ్మ, రాగి గిన్నె,
ముడతలు పడ్డ మఖమలు గుడ్డ,
పాత పటాల్లో చూసినవన్నీ చుట్టూ పేర్చాను.
స్టూలు మీంచి లేచి ఒక్కొక్కటే తీసేశాడు.
"నిమ్మపులుసు తగిలితే ఈ ఉక్కు నల్లబడుతుంది.
దానిమ్మకి గోళ్లు చాలు.
ఆ గిన్నె ఎందుకు, కత్తి నీళ్లు తాగుతుందా?"
మిగిలింది కార్క్ చెట్టు బెరడు,
దాని మీద గొర్రెపాల చీజు పెచ్చు ఒకటి.

పిడి దగ్గర తగువొచ్చింది.
మోన్సెరాతా తన పొట్టేలు కొమ్మే తెచ్చిచ్చి
చేయించుకుంటున్న కత్తి ఇది.
ఆ పొట్టేలు బతికుండగా
ఇనప గేటుని కుమ్మీ కుమ్మీ
కొమ్ములో ఒక నెర్ర తెచ్చుకుంది.
అది పైకి కనపడి తీరాలని ఆవిడ షరతు.
బకీజియో మాత్రం నేను అటు తిరగ్గానే
నున్నటి వైపు పైకి పెడతాడు.
నేను మళ్లీ తిప్పుతాను.
"చూసినవాళ్లు పనివాడి తప్పనుకుంటారు" అని గొణుగుడు.
పక్కనించి వెలుగు కాస్త తగ్గించి పంపాను.
కొమ్ము లోపల తేనె రంగు లేచింది,
ఆ తేనెలో వెంట్రుకంత నెర్ర.
ఇంక తిప్పలేదు.
గేటు సంగతి చెప్పాడు,
దానికి అతుకేసిందీ తనేనట, మూడుసార్లు.

ఎనిమిది సెకన్ల ఎక్స్‌పోజరు.
"కదలకు, చెక్క నేల, అడుగేస్తే అదురుతుంది" అన్నాను.
డెబ్బై మూడేళ్ల మనిషి,
కొలిమి ముందు తప్ప ఎక్కడా కుదురుగా కూర్చోనివాడు,
ఊపిరి బిగబట్టి, కళ్లు కూడా మూసుకున్నాడు.

రాత్రి కంప్యూటర్‌లో పెద్దది చేసి చూస్తే
అలుగు నడుమ వడ్లగింజంత పసుపు మరక.
తుప్పేమోనని గుండె జారింది.
ఇంకా పెద్దది చేశాను.
తుప్పు కాదు, నా ఇరవై సెంట్లు.
ఎనిమిది సెకన్లూ
వేళ్ల మధ్య తిప్పుతూనే ఉన్నాడన్నమాట.

చెరపడం క్షణం పని.
మొటిమలు చెరుపుతాను, వైన్ మరకలు చెరుపుతాను,
ఒక పెళ్లిలో, అడిగితే, ఒక మామగారినే చెరిపాను.
బాణం గుర్తుని దాని మీదికి తెచ్చి
ఎందుకో వెనక్కి లాగేశాను.

తెల్లారి కత్తి తిరిగివ్వబోతే తీసుకోలేదు.
ముందు ఆ బిళ్ల నా చేతిలో పెట్టాడు,
ఈసారి ఇచ్చేది నేను కదా.
ఆ తర్వాతే చెయ్యి చాపాడు.
ఫొటో చూపించాను.
కత్తిని చూడలేదు, మరకనే చూశాడు.
ఏమిటో చెప్పాను.
కళ్లద్దాలు నుదుటి మీదికి తోసి
చాలాసేపు అలాగే ఉండిపోయి
"మోన్సెరాతాకి చెప్పకు" అన్నాడు,
"మచ్చ ఉందని ధర తగ్గిస్తుంది."