చిత్రిక

నారా నగరం, పన్నుల కొట్టు వెనక గది.
నాది రాసే పని కాదు, గీకే పని.
రాత హతా నో ఇనుతేది.
అతని చెయ్యి తప్పితే చెక్క నా దగ్గరికొస్తుంది,
జానెడు కత్తితో పైపొర లేపి
తెల్లగా చేసి తిరిగిస్తాను.

ఎనిమిదో నెలలో ఒక పొద్దున
ఒక్క తప్పూ లేని చెక్కలు మూడు గంపలు దించారు.
ఎక్కడో తాబేలు దొరికిందట,
వీపు మీద అక్షరాలున్నాయట,
ఈ పూట నుంచి యుగం పేరు వేరట.
తెన్‌ప్యో. ఆకాశమూ, శాంతీ.
"నిన్నటిదాకా ఉన్నదీ తాబేలు పేరే కదా" అన్నాను.
ఇనుతే నవ్వలేదు. సిరా నూరుకుంటూ,
"శాంతికీ చదునుకీ అక్షరం ఒకటే,
చదును చెయ్యి" అన్నాడు.

వకాస ఉప్పు. షిమా నాచు.
ఊరూ మనిషీ తూకమూ ఉంచేసి
ఏడాది మటుకు గీకాను.
గదంతా హినోకి వాసన.
కాళ్ళ దగ్గర పొట్టు చుట్టలు చుట్టలు,
ఒకదాంట్లో తాబేలు కాలు,
ఒకదాంట్లో తోక.

మా ముషిమే పుట్టింది ఆ ఏడాదే, రెండో నెలలో,
చూరు మీద మంచు ఇంకా కరగకుండానే.
దాని ఏడాది నా ఒళ్ళో పొట్టై పడింది.
ఒక చుట్ట దొంగలా నడుముకి దోపుకున్నాను.
మిగతాది పొయ్యిలోకి.
విరిగిన చెక్కలు పుల్లలుగా చీల్చి
మరుగుదొడ్డికి పంపాం, తుడుచుకోడానికి.
యుగాలు అలా కూడా పనికొస్తాయి.

పేరు మంచిదే. ఆరేళ్ళు నిలబడింది.
ఏడో ఏట పడమటి రేవుల్లో బొబ్బలు లేచాయి.
తొమ్మిదో ఏట మా వీధికొచ్చాయి.
ఉప్పు వస్తుంది, దానికి కట్టిన చెక్క మీది మనిషి
ఈపాటికి ఉండడు.
ఇనుతే కుంచె సిరాతోనే బిగుసుకుపోయింది,
నీళ్ళలో నానబెట్టి వాడుతున్నాను.

అవును, ఇప్పుడు రాసేదీ నేనే.
నా రాత వంకర. తప్పు పట్టేవాడు లేడు.
ఆకాశానికి నాలుగు గీతలు, శాంతికి ఐదు.
కలిపితే మా పిల్ల వయసు.
అక్కడే ఆగిపోతుంది చెయ్యి,
సిరా చుక్క సాగి ఉప్పు ఊరి పేరులోకి దిగుతుంది.

గీకి మళ్ళీ రాస్తాను.

గుమ్మంలో ఎవరి అడుగు వినబడ్డా
తాబేలు దొరికిందేమో అనుకుంటాను.
కత్తి నూరే ఉంది.