నలభై సెంట్లు

మాసిలన్‌లో రైలుకట్ట పక్కసందులో
నాది చెప్పులు కుట్టే కొట్టు.
మొహాలు నాకు ఆట్టే గుర్తుండవు.
మడమ ఏ వైపు అరిగిందో చూస్తే
పేరు నాలుక మీదికొస్తుంది.

ఆల్వా ఫ్రాంట్జ్‌ది కుడి బొటనవేలు.
ప్రతిసారీ అక్కడే తోలు చిట్లేది.
వారమంతా ఉక్కు కొలిమి దగ్గర పార పట్టి
ఆదివారం మధ్యాహ్నం
రెండు కొసలా మొన తేలిన బంతిని తన్నేవాడు
పదిహేను డాలర్లకి.
కవరు టోపీలో దాచుకునేవాడు,
తల పోతేగానీ డబ్బు పోదని.

విశ్రాంతి దినాన కూలికి ఆడేవాణ్ణి
పాస్టరుగారు పేరెత్తకుండా తిట్టేవారు.
ఊరంతా తలూపి
ప్రార్థన కాగానే అదే కోటుతో మైదానానికి నడిచేది.

శనివారం రాత్రి, నేను దీపం ఆర్పబోతుంటే, తలుపు చప్పుడు.
"అడుగున గుబ్బలు ఇంకాస్త పొడుగు పెట్టు, రేపు వానలా ఉంది."
"ముక్కేమైంది?"
"ఆక్రన్ వాళ్ళ దగ్గర మర్చిపోయొచ్చా."

పద్దెనిమిదిలో యుద్ధానికి పంపారు.
తిరిగొచ్చి సైన్యం బూట్లు బల్ల మీద పెట్టాడు.
నాకు మన్ను తెలుసు.
ఇక్కడిది నల్లన, బొగ్గు నుసి కలిసినది,
ఎండితే దానంతటదే రాలుతుంది.
ఇది సున్నంలా తెల్లన,
కుట్లలో దూరి బ్రష్షుకి లొంగలేదు.
ఒక్కో కుట్టూ విప్పి సూదిమొనతో తీశాను.
"పారెయ్యకు" అన్నాడు.
అగ్గిపెట్టెలో వేసి ఇచ్చాను.
"ఎడమ మడమకి అర అంగుళం ఎత్తు కావాలి.
ఆట బూటుకి కూడా."

అక్టోబరులో మళ్ళీ దిగాడు.
నా అర అంగుళం ఎలా పరిగెడుతుందో చూద్దామని వెళ్ళాను.
బంతి చేతికొచ్చింది. ముందు గడ్డి తప్ప ఎవరూ లేరు.
గట్టు మీద పిల్లలెవరో టపాకాయ పేల్చారు.
బంతిని కడుపు కింద పెట్టుకుని
బోర్లా పడుకున్నాడు, రెండు చేతులూ తల మీద.
నవ్వేవాళ్ళు నవ్వారు.
అతన్ని పడగొట్టాల్సిన ఎదుటి జట్టు కుర్రాడు
పక్కనే పడుకున్నాడు, వాడూ అలాగే,
చేతులు తల మీద.
రిఫరీ ఈల ఊదడం మర్చిపోయాడు.

తర్వాత ఇరవై ఏళ్ళు కార్ఖానా గేటు కావలి.
ఆటకి లీగులొచ్చాయి, గట్టి టోపీలొచ్చాయి.
పాత జట్టు జాబితా అచ్చేసినవాళ్ళు
అతని పేరు తప్పు కొట్టారు, "ఫ్రాన్స్" అని.
చూపిస్తే చాలాసేపు చూశాడు.

ఆఖరి చలికాలం ఆట బూట్లు తెచ్చాడు.
గుబ్బలు పీకి మామూలు అట్ట వెయ్యమన్నాడు,
డ్యూటీకి తొడుక్కుంటాడట.
చీటీ నంబరు అరవై ఒకటి. నలభై సెంట్లు.
మళ్ళీ రాలేదు.

మార్చిలో అతని భార్య లవీనా వచ్చింది.
చిల్లర లెక్కపెట్టి బల్ల మీద పెట్టింది.
బూట్లు దించి ఇస్తే, లోపలికి చెయ్యి దూర్చి
బొటనవేలి చోటు తడిమింది.
"బాకీ ఉండకూడదనేవాడు" అంది.
బూట్లు బల్ల మీదే వదిలి వెళ్ళిపోయింది.

గుబ్బలు నేను పీకలేదు.
చెయ్యని పనికి డబ్బు పుచ్చుకున్నాను.