కుడివైపు తీగ

కొత్త ఊళ్ళో రికార్డుల కొట్టు ఎక్కడుందని
హోటలు కుర్రాణ్ణి అడక్కూడదు.
ఫోను చూసి చెబుతాడు.
అతను చెప్పిన చోట కాఫీ బాగుంటుంది,
గోడ మీద ఎర్రలైట్ల గిటారు వెలుగుతుంటుంది,
ప్లేట్లన్నీ నిగనిగలాడే తొడుగుల్లో
పెళ్ళిచూపులకు కూర్చున్నట్టుంటాయి.

గడియారాలు బాగుచేసేవాణ్ణి అడగాలి,
లేదా తాళాలవాణ్ణి.
కుతాయిసిలో నేనడిగింది
చెప్పులు కుట్టే వజాని.
పెదాల మధ్య నాలుగు మేకులు, మాట్లాడలేడు.
నాకా, భాష రాదు.
చూపుడువేలు గాలిలో గుండ్రంగా తిప్పి
చెవి పట్టుకున్నాను,
తప్పుచేసిన బడిపిల్లాడిలా.
అతను సుత్తితో వంతెన చూపించాడు.

నా ఉద్యోగమూ అదే, తిరిగేవాటికి చెవి ఒగ్గడం.
రియోనీ నది మీద కరెంటు కేంద్రంలో
మూడో టర్బైను ఏదో గొణుగుతోందంటే వెళ్ళాను.
ఇనప కడ్డీ ఒక కొస బేరింగుకి, ఒక కొస చెవికి ఆనించి
పొద్దస్తమానం ఆ గొణుగుడు వినాలి.
సాయంత్రానికి
చెవులు దాహమేసి ఉంటాయి.

వంతెన దాటాక రొట్టెల బట్టీ,
బట్టీ పక్క సందు,
సందులో మెట్లు, మెట్ల కింద గది.
బోర్డు లేదు.
గుమ్మానికి వేలాడుతున్నవి కొవ్వొత్తులనుకున్నాను.
దారానికి గుచ్చి
ద్రాక్షరసం పాకంలో ముంచిన అక్రోట్లట.
లోపల త్సియాలా, డెబ్బై దాటిన మనిషి,
ఒక పక్క తక్కెడ, ఒక పక్క ప్లేట్లు.
పాటలు కూడా తూచి ఇస్తుందేమోనని
కాసేపు భయపడ్డాను.

కమలాపండ్ల పెట్టెల్లో పాత సోవియట్ సరుకు:
పొద్దున్నే కసరత్తుకి అంకెలు లెక్కపెట్టే గొంతు,
పిల్లల కథలు,
ట్రాక్టరు నడపడం ఎలా, రెండో భాగం.
మొదటి భాగం ఎవరు కొన్నారో!
వేళ్ళు నల్లబడ్డాక దొరికింది,
అట్ట మీద నల్లకోట్లలో ముగ్గురు మీసాలవాళ్ళు.
ఇద్దరు నన్ను చూస్తున్నారు,
మూడోవాడు పక్కకెక్కడో.

స్పీకర్లు రెండున్నాయి గానీ పాడేది ఒక్కటే.
రెండోదాని కడుపు ఎలకలు కొట్టేస్తే
అందులో అక్రోట్లు పోసి ఉంచింది.
ముల్లు దిగింది.
రెండు గొంతులు లేచాయి,
మధ్యలో ఒక గుంట.
పన్ను ఊడిన చోటుని నాలుక తడుముకున్నట్టు
నా చెవి ఆ గుంటనే తడుముతోంది.

అప్పుడు త్సియాలా,
ఎవరికో అరకిలో తూస్తూ, తలెత్తకుండా,
నేలమాళిగలోంచి వచ్చినంత కిందిస్వరంలో
మూడో గొంతు అందుకుంది.
పాడుతున్నట్టు కాదు,
చిల్లర తిరిగి ఇస్తున్నట్టు.
కొనడానికొచ్చినాయన కూడా ఆశ్చర్యపోలేదు.
ముల్లు నిలబడే దాకా, చరణం అయ్యేదాకా
సంచీ తెరిచి పట్టుకుని నిలబడ్డాడు.

అట్ట మీద పక్కచూపుల మనిషిని చూపించి
మీ ఆయనా, అని సైగ చేశాను.
కళ్ళనీళ్ళు వచ్చేలా నవ్వింది.
రెండు చేతులతో పెద్ద స్టీరింగు తిప్పింది.
"జుగ్దిది, జుగ్దిది" అంది.
జుగ్దిది బస్సు డ్రైవరు.
ఇప్పటికీ ఆదివారాలు అక్రోట్లకి వస్తాడట,
బేరమాడతాడట.

ఇరవై లారీలంది.
అక్కడ డబ్బుని లారీ అంటారు,
దిగిన రోజున అది విని ఒక్కణ్ణే నవ్వుకున్నాను.
ఇది ఇచ్చేస్తే మరి నీకో అన్నట్టు చూశాను.
ఆమె గొంతు మీద వేలితో రెండుసార్లు తట్టి
పాత వార్తాపత్రికలో ప్లేటు చుట్టింది,
గుప్పెడు అక్రోట్లు కొసరు వేసింది.

గ్రాట్స్‌లో నా గదికి రెండు స్పీకర్లు,
రెండూ బాగానే ఉన్నాయి.
మూడో గొంతు వచ్చింది.
మంచి గొంతు. శ్రుతిలో వెంట్రుకవాసి తేడా లేదు,
కొత్తగా నూనె పోసిన బేరింగులా నున్నగా.
మూడుసార్లు పెట్టాను.

నాలుగోసారి బల్ల వెనక్కి దూరి
కుడివైపు తీగ పీకేశాను.
గుంట తెరుచుకుంది,
అంతే లోతు.

చేతికి ఏదో ఒక పని ఉండాలని
మిగిలిన అక్రోటు ఒకటి తీసుకుని
గొంతు సవరించుకున్నాను.