ఎడమవైపు కిటికీ

మూడో గది కాపలా నాది.
పొద్దున పది నుంచి ఆరు దాకా
నెలిదా ఎచెవెర్రి ముప్పై ఒక్క బొమ్మలూ, నేనూ.

ముట్టుకోవద్దనడం నా ఉద్యోగం.
మాంటెవీడియోలో ఇన్నేళ్లూ
ఆమె పేరే ఎవరూ ముట్టుకోలేదు.

గుమ్మం మీద సమగ్ర ప్రదర్శన అని రాశారు.
మిగతావి పెరట్లో కాల్చేశారని
లోపల, చిన్న అక్షరాల్లో.

బొమ్మలన్నీ చిన్నవే.
మాల్మోలో వంటింటి బల్ల మీద
భోజనాలయ్యాక ప్లేట్లు తీసేసి వేసేదట.
సూట్‌కేసులో పట్టని బొమ్మ ఒక్కటీ వేయలేదట,
రేపే వెనక్కి రమ్మంటారేమోనని.
ఎనిమిదో ఏట అక్కడే పోయింది.

మా నదిని ఏటా వేసింది.
మొదట మా నదే, పాలు తగ్గిన కాఫీ రంగు.
మూడో ఏటికి అంచున కొంచెం నీలం.
ఏడో ఏటికి
అది ఎవరి సముద్రమో.
తేదీ చూడకుండానే ఇప్పుడు చెప్పగలను
ఏది ఎంత దూరంలో వేసిందో.

మంగళవారం ఒకాయన వచ్చాడు.
ఇస్త్రీ చొక్కా, చేతికర్ర, పెన్షనర్ల సగం టికెట్టు.
నదులన్నీ దాటి
'నా స్టూడియో, గుర్తున్నంతవరకు' ముందు ఆగాడు.
నాతో అన్నాడో, కర్రతో అన్నాడో:
"తప్పు వేసింది. కిటికీ ఎడమవైపుండేది.
కిరసనాయిలు స్టవ్ సరే,
దాని కింద నల్ల పిల్లి ఏదీ?"

పక్కనే బోర్డు మీద ఉంది:
ఆ గదిలోకి ఆమె ఎవరినీ రానిచ్చేది కాదు.
డెబ్బై ఆరు జూన్‌లో ఒక్క రాత్రి తప్ప.
ఆ వచ్చినవాళ్లు తలుపు తట్టలేదు.

అడగాల్సింది గొంతు దాకా వచ్చింది.
వచ్చి, యూనిఫాం కాలర్ దగ్గర ఆగిపోయింది.
"గీత దాటకండి" అన్నాను.
బూట్ల వైపు చూసుకుని
ఒక్క అడుగు వెనక్కి వేశాడు,
ఆర్డరు వింటే కాళ్లు వాటంతటవే కదిలేవాడిలా.

సాయంత్రం గ్లాడిస్ లైట్లు ఆర్పుకుంటూ వస్తుంటే
ఆ బొమ్మ ముందు నిలబడ్డాను.
కిటికీ కుడివైపే ఉంది.
మరిచిపోయిందేమో పాపం.
లేకపోతే కావాలనే మార్చిందేమో,
మళ్లీ వస్తే
చీకట్లో గోడకు గుద్దుకోవాలని.

స్టవ్ కింద, నేను ఇన్నాళ్లూ నీడ అనుకున్న చోట,
రెండు పసుపు చుక్కలు.
ఆవగింజలంత.

ఆయనకు కనబడలేదు.